వెనక ఈడ్చినట్టయింది, అమ్మాయ్!

మా ఇంట్లో కారు గురించి మాట్లాడే హక్కు మావారిది. లెర్నర్స్ పర్మిట్ చేతికొచ్చాక మా పెద్దమ్మాయి కూడా అందులో వాటా అడుగుతోంది. నేను బీయే తెలుగు. సంధులూ సమాసాలూ అడిగితే నిద్రలో లేపినా చెబుతాను కానీ, ఆయిలు ఎప్పుడు మార్చాలో అద్దం మీద అంటించిన స్టిక్కరు చూస్తే తప్ప తెలియదు. అలాంటిదాన్ని ఇవాళ టైర్ల గురించీ కడ్డీల గురించీ రాయబోతున్నాను. నవ్వుకోకండి. కిందటేడాది నాలుగు నెలలపాటు నేను స్టీరింగు ముట్టుకోలేదు. ఎందుకు ముట్టుకోలేదో, మళ్ళీ ఎలా ముట్టుకున్నానో చెప్పాలంటే టైర్ల దగ్గరికి వెళ్ళక తప్పదు.

మేముండేది సియాటిల్‌కి తూర్పు వైపున. తొమ్మిది నెలలు వాన, గంట దూరంలో కొండలు, ఆ కొండల మీద చలికాలమంతా మంచు. అందుకే ఇక్కడ ప్రతి రెండో ఇంటి ముందూ నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే కారు ఒకటి కనబడుతుంది. మాది 2013 మోడల్ సుబారు అవుట్‌బ్యాక్. వ్యాగన్ అంటారు కదా, మామూలు కారుకి తోక పొడిగించి, ఆ తోకలో సామాను వేసుకునే వీలు కల్పించిన బండి. పిల్లల సాకర్ బ్యాగులు, బియ్యం బస్తాలు, ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే అత్తమామల పెట్టెలు అన్నీ అందులోనే.

ఆ సెప్టెంబరులో మా అత్తగారు వచ్చారు. రాజమండ్రి నుంచి ఒక్కరే, డెబ్భై మూడేళ్ళ వయసులో. కారు ముందు నిలబడి గ్రిల్లు మీది గుర్తు చూసి, "ఆరు చుక్కలున్నాయి, కృత్తికలా?" అనడిగారు. మావారు నవ్వారు. నేను ఫోనులో వెతికి చూద్దును కదా, నిజంగా కృత్తికలే! జపాను భాషలో సుబారు అంటే కృత్తికల గుంపు. 1953లో అయిదు కంపెనీలు కలిసి ఒక్కటైతే ఆ అయిదూ చిన్న చుక్కలు, కలిసిన కంపెనీ పెద్ద చుక్క. మన కుమారస్వామిని పెంచిన ఆరుగురు తల్లులు ఎక్కడో జపాను వెళ్ళి, అక్కణ్ణుంచి అమెరికా వచ్చి మా ఇంటి ముందు నిలబడ్డారన్నమాట. ఈ కబురు అత్తగారికి చెబితే ఆవిడ కారుకి దణ్ణం పెట్టి మరీ ఎక్కారు.

ఎక్కాక మాత్రం ఇబ్బంది మొదలైంది. ఆవిడకి ప్రయాణం పడదు. పెళ్ళైన కొత్తలో మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో బస్సెక్కి పడిన అవస్థ ఇప్పటికీ చెబుతారు. మా కారు నేలకి ఎనిమిదంగుళాల ఏడు పాళ్ళు, అంటే 8.7 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మంచులో అడుగు తగలకుండా పోవడానికి ఆ ఎత్తు కావాలి. కానీ ఎత్తైన బండి మలుపులో ఒరగకుండా ఎలా ఉంటుంది? గడ్డి మోపు నింపిన ఎడ్లబండినీ, ఖాళీ బండినీ ఊహించుకోండి. పైగా స్ప్రింగులు మెత్తనివి, గతుకులు తెలియకుండా ఉండాలని. ఇది కారు తప్పు కాదు, ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. వెనక సీట్లో కూర్చున్న అత్తగారు మాత్రం ప్రతి మలుపుకీ నిమ్మకాయ వాసన చూసుకుంటూ, "ఉయ్యాల బల్లలా ఉందర్రా" అనేవారు.

థ్యాంక్స్ గివింగ్ సెలవుల్లో ఆవిడకి దీపాలు చూపిద్దామని లెవెన్‌వర్త్ బయల్దేరాం. కొండలకి అవతల ఉన్న చిన్న ఊరు, జర్మనీ పల్లెటూరిలా అలంకరించి ఉంటుంది, చలికాలంలో ఊరంతా దీపాలే. కార్తీక మాసంలో దీపాలు చూడ్డం ఎక్కడైనా పుణ్యమే అని ఆవిడకి సర్ది చెప్పి తీసుకెళ్ళాం. వెళ్ళేటప్పుడు మావారు నడిపారు. స్టీవెన్స్ పాస్ ఎక్కుతుంటే, ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు చెయిన్లు కట్టుకోవాలన్న బోర్డు గురించి పిల్లలకి గర్వంగా చెప్పారు. (ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మా రాష్ట్రంలో ఆ బోర్డు పడినప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ వాళ్ళు చెయిన్లు చక్రాలకి కట్టుకోనక్కర్లేదు కానీ, కారులో మాత్రం పెట్టుకుని ఉండాలి. మా దగ్గర అవి లేవు. ఉండాలని కూడా తెలియదు.)

తిరుగు ప్రయాణంలో మావారికి నిద్ర వస్తోందంటే నేను కూర్చున్నాను. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. పైన మంచు లేదు, కొండ దిగాక వాన మాత్రం ఎడతెరిపి లేకుండా పడుతోంది. స్కైకోమిష్ దాటాం. రాసి ఉన్న వేగానికి తక్కువలోనే వెళుతున్నాను, ఆ మాట ఒట్టేసి చెప్పగలను. ఎడమవైపు తిరిగే ఒక మలుపులో రోడ్డు మీద నీళ్ళు నిలిచి కనబడ్డాయి. బెదిరి బ్రేకు మీద కాలు వేశాను. అంతే. కారు తోక కుడివైపుకి విసురుగా వెళ్ళింది. ఎదురుగా పసుపు గీత అడ్డంగా కనిపించింది, తర్వాత చెట్లు, తర్వాత మళ్ళీ రోడ్డు. డాష్‌బోర్డు మీద జారే కారు బొమ్మ దీపం టపటపా వెలిగింది. చక్రాలు వాటంతటవే పట్టి వదిలినట్టయింది. రోడ్డు పక్క కంకరలోకి వెళ్ళి ఆగాం. ఎదురుగా బండి రాలేదు. అది మా అదృష్టం, ఇంకేమీ కాదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చిన్నాడు ఏడవడం మొదలుపెట్టాడు. మావారు కళ్ళు నులుముకుని, "కొంచెం నెమ్మదిగా పోవచ్చుగా" అన్నారు.

ఆ మాటే నాకు గుచ్చుకుంది. ఆయన గొంతులో కోపం లేదు. కానీ వేగంగా వెళ్ళాను కాబట్టే జారిందని తేల్చేసినట్టుంది. వెనక నుంచి అత్తగారు నెమ్మదిగా, "వెనక ఈడ్చినట్టయింది, అమ్మాయ్. ముందుది కాదు. ఎవరో నా కింద బల్ల లాగేసినట్టయింది" అన్నారు. ఆవిడ కంగారులో ఏదో అంటున్నారనుకుని ఎవరం పట్టించుకోలేదు. మావారు దిగి, నా వైపు వచ్చి, తలుపు తీశారు. నేను దిగి అటు వెళ్ళి కూర్చున్నాను. అంతే, అక్కణ్ణుంచి మార్చి దాకా నేను అటువైపే కూర్చున్నాను.

ఎవరూ నన్ను నడపొద్దనలేదు. "నేను తీసుకెళ్తాలే" అనేవారు ఆయన. "అమ్మకి భయంలే" అనేవాడు చిన్నాడు స్నేహితులతో. నాకే చేతులు వణికేవి. పచారీ కొట్టుకి నడిచి వెళ్ళి, చేతికి మోయగలిగినన్నే తెచ్చుకునేదాన్ని. ఈ దేశంలో కారు నడపని ఆడది అంటే ఏమిటో మీలో చాలామందికి తెలుసు. వచ్చిన కొత్తలో రెండేళ్ళు అలాగే ఉండి, ఏడుపుతో నేర్చుకుని, మూడోసారికి పరీక్ష పాసైనదాన్ని. పదమూడేళ్ళ తర్వాత మళ్ళీ మొదటికొచ్చాను. ఫిబ్రవరి చివర్లో అత్తగార్ని విమానం ఎక్కించడానికి కూడా మావారే నడిపారు. ఆవిడ సెక్యూరిటీ దగ్గర నా చెయ్యి పట్టుకుని, "నువ్వు తోలితేనే నాకు తక్కువ తిప్పేది తెలుసా? వాడు ఝటక్కున తిప్పుతాడు" అన్నారు. పోతూ పోతూ ఊరడిస్తున్నారనుకున్నాను.

మార్చిలో కారు నుంచి ఒక హోరు మొదలైంది. పిండి మరలా ఊఁ... అని. మావారు ఆఫీసులో తలమునకలుగా ఉంటే, మా వీధి చివర షెడ్డు పెట్టుకున్న ఒక పెద్దాయన దగ్గరికి నేనే తీసుకెళ్ళాల్సి వచ్చింది. అర మైలు, ఇరవై మైళ్ళ వేగం. చెమటలు పట్టాయనుకోండి. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక టైరు దగ్గర కూర్చుని, జేబులోంచి పావలా తీశారు. పావలా అంటే ఇక్కడి క్వార్టర్ డాలర్. వాషింగ్టన్ తల కిందికి వచ్చేట్టు టైరు గాడిలో పెట్టి నన్ను చూడమన్నారు. తల గాడిలోకి దిగలేదు, జుట్టు పైకే ఉంది. ముందు టైరులో పెడితే నుదురు దాకా మునిగింది.

"వెనకవి రెండూ పాతవి, ముందువి రెండూ కొత్తవి. ఎవరు చేశారు ఈ పని?" అనడిగారు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ముందటి ఆగస్టులో ముందు టైరు పక్క గోడలో మేకు దిగింది. టైర్ల షాపులో, రెండు మార్చి ముందుకి వేస్తే సరిపోతుంది, ఇంజను ముందే కదా అన్నారట. నాలుగు కొంటే ఎనిమిది వందల డాలర్లు, రెండైతే నాలుగొందలు. మావారు రెండే కొన్నారు. నేనైనా అదే చేసేదాన్ని, ఆ మాట కూడా చెప్పాలి.

పెద్దాయన ఓపిగ్గా చెప్పిన సంగతి నాకు అర్థమైన భాషలో చెబుతాను. టైరు మీద గాళ్ళుండేది నీళ్ళు పక్కకి పోవడానికి. గాడి అరిగితే నీళ్ళకి దారి లేక టైరు నీటి మీద తేలుతుంది, తడి గచ్చు మీద హవాయి చెప్పులు జారినట్టు. అంగుళంలో ముప్ఫై రెండో వంతుని ఒక పాలు అనుకుంటే, రెండు పాళ్ళ లోతు ఉంటే ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. వానలో నమ్మకంగా నిలబడాలంటే మాత్రం నాలుగు పాళ్ళుండాలి. పావలా మీది వాషింగ్టన్ జుట్టు దాకా ఉన్న దూరం ఆ నాలుగు పాళ్ళు. మా వెనక టైర్లకి మూడే మిగిలాయి. చట్టం ప్రకారం తప్పులేదు, వాన ప్రకారం తప్పే.

మరి కొత్తవి ముందుంటే ఏం పోయింది? ముందు చక్రాలు జారితే కారు తిరగనంటూ తిన్నగా పోతుంది. భయం వేస్తుంది, కాలు తీస్తాం, వేగం తగ్గి మళ్ళీ పట్టు దొరుకుతుంది. వెనకవి జారితే తోక పక్కకి వచ్చేస్తుంది, దాన్ని సర్దడం మనలాంటివాళ్ళ వల్ల కాదు. అందుకే రెండే మార్చాల్సి వస్తే కొత్తవి వెనక వేయాలంటారు, ఇంజను ఎక్కడున్నా సరే. మా బండి లాంటి వాటికైతే రెండు మార్చడమే తప్పు. నాలుగు చక్రాల్నీ ఇంజను ఒకదానికొకటి ముడేసి తిప్పుతుంది. కొత్త టైరు చుట్టుకొలత ఎక్కువ, అరిగినదానిది తక్కువ. రెండు జతలూ ఒకే దూరం పోవడానికి వేరువేరు లెక్కన తిరగాలి. ఆ తేడా అంతా మధ్యలో ఉన్న యంత్రం మీద పడి అది నలిగిపోతుంది. నాలుగింటి చుట్టుకొలతల్లో పావు అంగుళం మించి తేడా ఉండకూడదట.

"ఆల్ వీల్ డ్రైవ్ ఉందిగా?" అనడిగాను, అమాయకంగా. ఆయన నవ్వి, అది కదలడానికి పనికొస్తుందమ్మా, ఆగడానికీ తిరగడానికీ కాదు అన్నారు. ఆలోచిస్తే ఎంత సులువైన మాట! బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకే ఉంటాయి కదా. మంచులో కొండెక్కేటప్పుడు మనం గొప్పగా ఎక్కేస్తాం. దిగేటప్పుడు మాత్రం అందరం ఒకటే, అరచేయంత మేర నేలని పట్టుకునే నాలుగు రబ్బరు ముక్కలే దిక్కు.

నేను షెడ్డులోనే ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాను. "వెనక ఈడ్చినట్టయింది, అమ్మాయ్." సరిగ్గా చెప్పారు ఆవిడ. వెనక చక్రాల మీద కూర్చున్న మనిషికి తెలియదా మరి? చిన్నప్పుడు ఎడ్లబండి వెనక అంచున కాళ్ళు వేళ్ళాడేసుకుని తిరిగిన మనిషి. నలుగురం చదువుకున్నవాళ్ళం ముందు కూర్చుని, ఆవిడ మాట వినలేదు.

నా తప్పు కూడా ఒకటుంది. మలుపు మధ్యలో బ్రేకు వేశాను. బ్రేకు వేస్తే బరువంతా ముందుకి తూగుతుంది, వెనక తేలికవుతుంది. అసలే అరిగిన టైర్లు, పైన బరువు కూడా లేకపోతే ఇంకేం పట్టుకుంటాయి? మలుపుకి ముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులో కాదు. తప్పు నాది కొంత, టైర్లది చాలా. కానీ నాలుగు నెలలు అంతా నాదే అనుకుని బతికాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. మావారు అన్నం కలుపుతూ ఆగిపోయారు. చాలాసేపు ప్లేటు వైపే చూశారు. తర్వాత పిల్లలతో, "ఆ రోజు కారు జారింది అమ్మ వల్ల కాదు. నేను డబ్బులు చూసుకుని రెండే టైర్లు వేయించినందువల్ల" అన్నారు. అంతే అన్నారు. పెళ్ళై పంతొమ్మిదేళ్ళైంది, ఇంతకన్నా పెద్ద మాట నేను అడగలేదు. గిన్నెలు ఆయనే కడిగారు.

ఇక మర్నాటి నుంచీ చూడాలి ఆయన హడావుడి. మగవాళ్ళకి బాధ కలిగితే వస్తువులు కొంటారు కాబోలు. రాత్రుళ్ళు కూర్చుని, కారు ఒరగకుండా వెనక వేసే లావుపాటి కడ్డీ ఒకటి కొంటానన్నారు. స్ప్రింగులు మారుస్తానన్నారు, కారు రెండంగుళాలు కిందికి దింపుతానన్నారు. (మంచులో తిరగడానికని ఎత్తు కారు కొని, దాన్ని కిందికి దింపడమేమిటో!) షెడ్డు పెద్దాయన మాత్రం ముందు టైర్లు వేయించండి, తర్వాత మాట్లాడదాం అన్నారు. అరిగిన వెనక టైర్లుండగా ఆ కడ్డీ బిగిస్తే తోక ఇంకా తొందరగా జారుతుందట. కడ్డీ వెనక భాగాన్ని బిరుసు చేస్తుంది, మలుపులో బరువు వెనక వెలుపలి చక్రం మీదికి నెడుతుంది. కారు చురుగ్గా తిరుగుతుంది నిజమే, కానీ అక్కడ మంచి టైరు ఉంటేనే. ఏ మందైనా ఒంట్లో సత్తువ చూసే కదా వేస్తారు.

అందుకని మొదట పైసా ఖర్చు లేని పనులు చేశాం. డ్రైవరు తలుపు తీస్తే కనబడే చీటీ మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. మాదానికి ముందు 32, వెనక 30. చూస్తే వెనక 26 ఉంది. హెచ్చరిక దీపం వెలగలేదేం అంటే, ఉండాల్సినదానికి నాలుగో వంతు తగ్గితేగానీ అది వెలగదట. ఫారెన్‌హీట్‌లో పది డిగ్రీల చలి పెరిగితే ఒక పాయింటు గాలి తగ్గుతుంది. ఆగస్టు ఎండలో నింపిన గాలి మార్చి చలికి నాలుగు పాయింట్లు తగ్గిందంటే లెక్క సరిపోయింది. పొద్దున్నే, కారు కదలకముందు చూడాలి. ఇప్పుడది నా ఆదివారం పని, ఇడ్లీపిండి రుబ్బడంతో పాటు.

తర్వాత పైన పెట్టె. జులైలో మౌంట్ రెయినీర్ దగ్గర క్యాంపింగుకి వెళ్ళినప్పుడు కప్పు మీద బిగించిన సామాను పెట్టె ఎనిమిది నెలలుగా అలాగే ఉంది. ఒరిగే బండికి నెత్తిన బరువు! అందులో రెండు టెంట్లు, ఒక ఇనప పెనం, ఎవరిదో ఒక చెప్పు. డిక్కీ సంగతి చెప్పకపోతేనే మేలు. మడత కుర్చీలు, పెరుగు బకెట్టు, వినాయక చవితి నాటి పీట, ఇరవై పౌన్ల సోనా మసూరి బస్తా ఒకటి. ఆ బియ్యం కోసం నేను ఇల్లంతా వెతికాను.

నాలుగు టైర్లూ వేశారు. ఆ పిండి మర హోరు వంకరగా అరిగిన టైరుదే, అదీ పోయింది. చక్రాల వరస సరిచేయించాం. కొందరి పాదాలు లోపలికీ, కొందరివి బయటికీ తిరిగి ఉంటాయి కదా, చక్రాలూ అలా వంకర్లు పోతాయి. మా వెనక ఎడమ చక్రం బయటికి తిరిగి ఉందట. తర్వాత తొంభై వేల మైళ్ళు తిరిగిన వెనక షాక్ అబ్జార్బర్లు మార్చారు. మూల మీద గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగాలి, మాది మూడుసార్లు ఊగింది. అత్తగారి ఉయ్యాల బల్ల అదే.

ఇదంతా అయ్యాక ఏప్రిల్‌లో ఒక శనివారం మావారి ముచ్చట తీర్చాం. ఆ కడ్డీ వచ్చింది. చూస్తే కొబ్బరి బొండాం కొట్టేవాడి కొక్కెంలా వంగిన ఒక ఇనప ఊచ. రెండు చక్రాల్నీ కలుపుతూ అడ్డంగా ఉంటుంది. కారు ఒక పక్కకి ఒరిగినప్పుడు ఒక చక్రం పైకీ ఒకటి కిందికీ పోతాయి, మధ్యలో ఊచ మెలిపడుతుంది. మెలిపడనంటూ ఎదురు తిరుగుతుంది, ఆ మేరకి కారు ఒరగదు. మీకు అర్థం కావాలంటే తడి చీర తలుచుకోండి. చెరో కొసా పట్టుకుని పిండుతుంటే, నేత చీర సులువుగా మెలిపడుతుంది. దుప్పటి అయితే రెక్కలు పీకుతాయి. మా పెద్దది లెక్క కట్టి చూపించింది. ఊచ బిరుసు దాని మందానికి నాలుగో ఘాతంతో పెరుగుతుందట. 16 మిల్లీమీటర్ల ఊచ తీసి 19ది వేస్తే, మూడు మిల్లీమీటర్ల తేడాకే బిరుసు దాదాపు రెట్టింపు. మా కాలేజీలో లెక్కల్ని ఇలా చీరలతో చెప్పి ఉంటే నేను తెలుగు తీసుకునేదాన్ని కాదేమో. అబ్బే, తీసుకునేదాన్నే.

బిగించడం గంటన్నర పని. మావారు కింద పడుకుని, కూతురు పానాలు అందిస్తూ, నేను ఫోను దీపం పట్టుకుని. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే ఊచ ముందే మెలిపడి బోల్టు పట్టదు. రబ్బరు పట్టీకి లోపల గ్రీజు రాయకపోతే తర్వాత కిర్రుమంటుంది. చివరి బిగింపు కారు నేల మీద నిలబడ్డాకే. ఈ మూడూ నేను చదివి చెప్పినవే, వంట పుస్తకం చదివినట్టు.

మొదటిసారి నడపమని తాళాలు నాకే ఇచ్చారు. వద్దన్నాను. ఆ మర్నాడు ఆదివారం పొద్దున్న, ఎవరూ లేవకముందు, వానలో, దగ్గర్లోని హైస్కూలు పార్కింగుకి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఖాళీ మైదానంలాంటి చోటు. ఇరవై మైళ్ళ వేగంలో ఎడమకీ కుడికీ తిప్పి చూశాను. ఇదివరకు స్టీరింగు తిప్పితే కారు ముందు ఒరిగి, ఆలోచించి, అప్పుడు తిరిగేది. ఇప్పుడు తిప్పగానే తిరుగుతోంది. హ్యాండ్లింగ్, హ్యాండ్లింగ్ అని మావారు అనే మాటకి అర్థం ఆ పొద్దున తెలిసింది. చెప్పిన మాట వినడమన్నమాట. గట్టిగా బ్రేకు తొక్కి, పాదం కింద గడగడలాడటం ఎలా ఉంటుందో చూశాను. పదిసార్లు తొక్కాను. ఆ గడగడ కారు విరిగిపోవడం కాదని, అది తన పని తాను చేసుకోవడమని కాలికి తెలిసేదాకా తొక్కాను. జారినప్పుడు భయపడే వైపు కాకుండా పోవాలనుకున్న వైపు చూడమంటారు. అదీ సాధన చేశాను. నలభై నిమిషాల తర్వాత ఇంటికొస్తే, వాకిట్లో మావారు చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నారు. ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ రోజు పచారీ సామాన్లకి నేనే వెళ్ళి, మూడు వారాలకి సరిపడా తెచ్చాను.

అత్తగారికి ఫోను చేసి టైర్ల సంగతి చెప్పింది మావారే. స్పీకరులో ఆవిడ, "చెప్పానుగా" అని కూడా అనలేదు. "ఇప్పుడు తోలుతోందా?" అనడిగారు.

మళ్ళీ ఈ నవంబరులో ఆవిడ వచ్చారు. మళ్ళీ లెవెన్‌వర్త్ వెళ్ళాం, ఈసారి డిక్కీలో చెయిన్లు పెట్టుకుని. రెండువైపులా నేనే నడిపాను. పెద్దది పక్కన కూర్చుని నా చేతులు చూస్తోంది, వచ్చే ఏడు దాని వంతు. వచ్చేటప్పుడు అదే చీకటి, అదే వాన. స్కైకోమిష్ దాటాక ఆ మలుపు కనబడగానే కారులో మాటలు ఆగిపోయాయి. ముందే వేగం తగ్గించాను. నీళ్ళు అలాగే నిలిచి ఉన్నాయి. కారు గీత వెంట తిరిగి బయటికి వచ్చేసింది.

"ఇక్కడేగా అమ్మాయ్?" అన్నారు వెనక నుంచి.

"ఇక్కడే అత్తయ్యా."

"ఊఁ" అన్నారు. కాసేపాగి, "ఉయ్యాల ఊగడం తగ్గింది, నిమ్మకాయ తియ్యలేదు చూడు. కానీ ఒక పక్క చక్రం గుంటలో పడితే మాత్రం నా తల అటూ ఇటూ కొట్టుకుంటోందర్రా. దానికేం బిగిస్తాడో అడుగు మీ ఆయన్ని" అన్నారు.

నిజమే. ఊచ బిరుసైతే ఒక చక్రానికి తగిలిన దెబ్బ రెండోదానికీ పాకుతుంది. ఆ సంగతి మావారు వివరించబోయారు. ఆవిడ అప్పటికే పులిహోర డబ్బా మూత తీస్తున్నారు.